పన్ను పుచ్చకుండా నూనెలు: ఏది స్పూనుతో కొలవాలి, ఏది చుక్క దాటకూడదు

పంటికి నూనె వాడటం మన ఇళ్లలో కొత్త కాదు. పొద్దున్నే నువ్వుల నూనె పుక్కిలించేవాళ్లు ఉన్నారు. పిప్పి పన్ను సలిపితే లవంగ నూనెలో దూది ముంచి పెట్టుకునేవాళ్లు ఉన్నారు. 1990ల్లో ఆయిల్ పుల్లింగ్ తెలుగునాట ఊరూరా పాకింది. మోకాళ్ల నొప్పుల నుంచి ఆస్తమా దాకా అన్నీ దానితో తగ్గిపోతాయని అప్పట్లో గట్టిగా చెప్పుకున్నారు. ఆ పెద్ద మాటల సంగతి ఇక్కడ వద్దు. పన్నును పుచ్చబెట్టే బ్యాక్టీరియా మీద ఈ నూనెలు ఎంతవరకు పనిచేస్తాయి, ఇంట్లో వాటిని ప్రమాదం లేకుండా ఎలా వాడుకోవాలి అన్నదే చూద్దాం.

మొదలుపెట్టే ముందు ఒక తేడా గట్టిగా గుర్తుపెట్టుకోండి. నువ్వుల నూనె, కొబ్బరి నూనె గానుగలో ఆడించి తీసే వంట నూనెలు. వీటిని స్పూనుతో కొలుస్తాం. లవంగ నూనె, నీలగిరి తైలం, పుదీనా తైలం లాంటివి ఆవిరి పట్టి తీసిన గాఢమైన తైలాలు. వీటిని చుక్కల్లోనే కొలవాలి. రెండింటినీ "నేచురలే కదా" అని ఒకే గాటన కట్టడం వల్లే చిగుళ్లు కాలడం, పిల్లలు ఆస్పత్రి పాలవడం జరుగుతోంది.

నోట్లో అసలు జరిగేది

పన్ను పుచ్చితే "పురుగు పట్టింది" అంటాం. ఏవో గింజల పొగ పట్టి, పంట్లోంచి పురుగులు రాల్చామని చూపించేవాళ్లు కూడా ఉండేవారు. పంట్లో పురుగులేమీ ఉండవు. ఉండేది కంటికి కనిపించని బ్యాక్టీరియా. అందులో ముఖ్యమైనది స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్. 1924లో ఇంగ్లండ్‌లో క్లార్క్ అనే శాస్త్రవేత్త దీన్ని పుచ్చు పళ్లలోంచి వేరుచేసి ఆ పేరు పెట్టాడు.

ఇది మనం తిన్న చక్కెరతో రెండు పనులు చేస్తుంది. మొదటిది, దాన్ని ల్యాక్టిక్ యాసిడ్‌గా మారుస్తుంది. పంటి మీద పీహెచ్ (పులుపును చూపే కొలత, అంకె తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ) సుమారు 5.5 కంటే కిందికి దిగితే పైన ఉండే ఎనామెల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి పోవడం మొదలవుతుంది. తీపి తిన్న కొద్ది నిమిషాలకే ఇది జరుగుతుంది. లాలాజలం ఆ యాసిడ్‌ను విరిచి మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. రెండో పని, అదే చక్కెరతో జిగురు లాంటి పదార్థం తయారుచేసి పంటికి అతుక్కుంటుంది. ఆ జిగురు, దానిలో స్థిరపడ్డ బ్యాక్టీరియా కలిస్తే మనం పాచి అనే పొర.

ఈ రెండో పని వల్లే నూనెలకు ఒక హద్దు వస్తుంది. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో పెంచిన బ్యాక్టీరియా మీద లవంగ నూనె చుక్క వేస్తే అవి చచ్చిపోతాయి. పంటి మీద పాచిలో ఉన్నప్పుడు అవి అంత తేలిగ్గా లొంగవు. బావిగట్టు మీద నాచు పడితే ఎన్ని బిందెల నీళ్లు పోసినా పోదు, చీపురు పెట్టి రుద్దాల్సిందే. పాచి కూడా అంతే. అందుకే కింద చెప్పే ప్రతి పద్ధతీ బ్రష్‌కు తోడుగానే చేయాలి, బ్రష్ మానేసి చేయకూడదు.

మొదటి పని: సరైన నూనె తెచ్చుకోవడం

పుక్కిలించడానికి నువ్వుల నూనె గానీ కొబ్బరి నూనె గానీ చాలు. ఆయుర్వేదంలో గండూషం, కబళం అని రెండు పద్ధతులు ఉన్నాయి. నోరు కదపడానికి వీల్లేనంత నింపి ఉంచేది గండూషం. కొంచెం తీసుకుని అటూ ఇటూ తిప్పేది కబళం. ఈ రోజుల్లో ఆయిల్ పుల్లింగ్ అంటున్నది రెండో దానికి దగ్గర. రెండింటిలోనూ నువ్వుల నూనెకు పెద్ద పీట ఉంది.

కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ యాసిడ్ ఉంటుంది. బ్యాక్టీరియా పైపొరను దెబ్బతీసే గుణం దీనికి ఉంది. కానీ సీసాలో ఉన్న నూనెలో అది విడిగా ఉండదు, కొవ్వు అణువులో కట్టుబడి ఉంటుంది. 2012లో ఐర్లండ్‌లోని అథ్లోన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు దీన్నే చూశారు. కొవ్వును అరిగించే ఎంజైములతో కలిపిన కొబ్బరి నూనె స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ పెరుగుదలను అడ్డుకుంది. మామూలు కొబ్బరి నూనె ఆ పని చేయలేదు. కాబట్టి "కొబ్బరి నూనె క్రిములను చంపేస్తుంది" అన్న మాటను ఉన్నదున్నట్టు నమ్మకండి. పుక్కిలించినప్పుడు వచ్చే మేలులో ఎక్కువ భాగం నూనె పళ్ల సందుల్లో తిరిగి, పాచిని కొంత వదులుచేసి, బ్యాక్టీరియాను తనతో కలుపుకుని బయటికి రావడం వల్లే అని నా అభిప్రాయం.

నువ్వుల నూనె మీద మన పక్కనే చెన్నైలో ఒక పరీక్ష జరిగింది. 2008లో వెలువడిన ఆ అధ్యయనంలో 20 మంది కుర్రాళ్లు పాల్గొన్నారు. కొందరు రోజూ నువ్వుల నూనె, కొందరు క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రెండు వారాల పాటు పుక్కిలించారు. నూనె వాడినవాళ్ల పాచిలో స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ వారం తర్వాత స్పష్టంగా తగ్గింది. మౌత్‌వాష్ వాడినవాళ్లలో ఇంకా త్వరగా, లాలాజలంలో కూడా తగ్గింది. 20 మంది అంటే చిన్న పరీక్షే. పైగా బ్యాక్టీరియా తగ్గడం వేరు, ఏళ్ల తరబడి పళ్లు పుచ్చకుండా ఉండటం వేరు. అయినా నూనె ఉత్తదే అని కొట్టిపారేయడానికి వీల్లేదని అది చూపించింది.

షాపులో సీసా కొనేటప్పుడు లేబుల్ చదవండి. పూజా సామగ్రి దగ్గర దొరికే దీపారాధన నూనె తినడానికి చేసింది కాదు. మీద నువ్వుల బొమ్మ ఉన్నా సరే, దాన్ని నోట్లో పోసుకోకండి. సెంటు కలిపిన తల నూనెలు కూడా వద్దు. వంటకు వాడే నూనె అని రాసి, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉన్నది తీసుకోండి. మీ ఊళ్లో కళ్ల ముందే గానుగ ఆడించే చోటు ఉంటే ఇంకా మంచిది. ముక్కిన వాసన వస్తే ఆ నూనె పారబోయండి.

రెండో పని: పుక్కిలించడం

పొద్దున లేచాక, ఏమీ తినకముందు చేయండి. పరగడుపునే చేయాలన్న నియమానికి పెద్ద మర్మమేమీ లేదు. తిన్న వెంటనే నోట్లో నూనె తిప్పితే కొందరికి వాంతి వచ్చినట్టు ఉంటుంది, అంతే.

ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు, నోట్లో వేసుకోండి. చాలామంది గరిటెడు పోసుకుని రెండు నిమిషాలకే దవడలు నొప్పెట్టి ఉమ్మేస్తారు. లాలాజలం కలిసేకొద్దీ నోరు నిండుతుంది కాబట్టి తక్కువతో మొదలుపెట్టాలి. అలవాటయ్యాక రెండు టీస్పూన్ల వరకు వెళ్లవచ్చు. చలికాలంలో కొబ్బరి నూనె గడ్డకట్టి ఉంటే ఆ ముద్దనే నోట్లో పెట్టుకోండి, అర నిమిషంలో కరిగిపోతుంది.

తల వెనక్కి వాల్చకండి. గొంతులో గుడగుడ అనిపించడం ఉప్పు నీళ్లకు సరే, నూనెకు పనికిరాదు. పెదాలు మూసి, నూనెను కుడి దవడ నుంచి ఎడమకు, ముందు పళ్ల సందుల్లోంచి వెనక్కి మెల్లగా లాగుతూ నెడుతూ ఉండండి. బలం పెట్టక్కర్లేదు. మొదటి వారం 5 నిమిషాలు చాలు, తర్వాత 10 నిమిషాలు. ఇరవై నిమిషాలు చేస్తేనే ఫలితం అని పట్టుబట్టే అవసరం లేదు. ఆ సమయంలో ఫోన్ మాట్లాడటం, నవ్వడం, పడుకోవడం వద్దు. నూనె పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే నీళ్లలా దగ్గుతో బయటికి రాదు. అలా మళ్లీ మళ్లీ జరిగి నిమోనియా వచ్చినవాళ్లున్నారు.

కాసేపటికి నూనె పలచబడి పాలలా తెల్లగా అవుతుంది. ఒంట్లోని విషాలు బయటికి వచ్చాయనడానికి అది గుర్తని చెబుతుంటారు. నూనె లాలాజలంతో చిలికినట్టు కలిస్తే వచ్చే రంగు అది. దాన్ని మింగకండి. సింకులో ఉమ్మితే కొబ్బరి నూనె పైపులో గడ్డకడుతుంది. పాత పేపరులోనో చెత్త కవర్లోనో ఉమ్మి పారేయండి. తర్వాత గోరువెచ్చటి నీళ్లతో రెండుసార్లు పుక్కిలించండి.

మూడో పని: వెంటనే బ్రష్

నూనె తర్వాత బ్రష్ మానేసేవాళ్లను చూసినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే పన్ను పుచ్చకుండా ఆపుతుందని దశాబ్దాల తరబడి రుజువైన పదార్థం ఫ్లోరైడ్ ఒక్కటే. ఏ నూనె, ఏ తైలం దాని స్థానంలోకి రాలేదు. యాసిడ్‌కు కరిగిన ఎనామెల్‌లోకి ఖనిజాలు తిరిగి చేరడానికి ఫ్లోరైడ్ సాయపడుతుంది. అలా చేరిన పొర యాసిడ్‌ను ఇంకా బాగా తట్టుకుంటుంది. నూనెలకు ఈ పని చేతకాదు.

పేస్టు ట్యూబు మీద ఫ్లోరైడ్ ఉందో లేదో చూడండి. సుమారు 1000 పీపీఎం (పది లక్షల్లో వెయ్యి వంతులు) అని ఉంటే సరిపోతుంది. మూలికల పేస్టులు చాలావాటిలో ఫ్లోరైడ్ ఉండదు. రెండు నిమిషాలు రుద్ది, నురగ ఉమ్మేయండి. చెంబుడు నీళ్లతో నోరంతా కడిగేస్తే ఫ్లోరైడ్ కూడా పోతుంది కాబట్టి ఒక్క గుక్కతో ఆపండి. ఈ కారణంగానే నూనె బ్రష్‌కు ముందు పుక్కిలించాలి, తర్వాత కాదు. రాత్రి నూనె అక్కర్లేదు గానీ బ్రష్ మాత్రం తప్పకూడదు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, బ్యాక్టీరియాకు అడ్డు ఉండదు.

నల్గొండ, ప్రకాశం జిల్లాల వాళ్లకు ఫ్లోరైడ్ అన్న మాట వింటేనే భయం. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, వంగిన నడుములను కళ్లారా చూసిన ప్రాంతాలవి. కానీ అక్కడి కష్టం లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగడం వల్ల వచ్చింది. పేస్టు పంటి మీద పనిచేసి ఉమ్మితో బయటికి పోతుంది. పెద్దవాళ్లు నిశ్చింతగా వాడవచ్చు. ఇంకా బోరు నీళ్లే తాగుతున్న ఇళ్లలో చిన్న పిల్లలుంటే, వాళ్లకు ఏ పేస్టు వాడాలో పళ్ల డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోండి. మిగతా చోట్ల మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యం గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠానీ గింజంత పేస్టు చాలు.

నాలుగో పని: వాము నీళ్లు

వాము నలిపితే వచ్చే ఘాటు అందులోని థైమాల్ అనే పదార్థానిది. 1879లో అమెరికాలో తయారైన లిస్టరిన్ మౌత్‌వాష్‌లో ముఖ్యమైన నాలుగు పదార్థాల్లో ఇది ఒకటి. మిగతావి పుదీనా జాతిలో ఉండే మెంథాల్, నీలగిరిలో ఉండే యూకలిప్టాల్, మిథైల్ శాలిసిలేట్. ఇలాంటి మొక్కల తైలాల మౌత్‌వాష్‌లు పాచిని, చిగుళ్ల వాపును తగ్గిస్తాయనడానికి మంచి ఆధారాలు ఉన్నాయి. పుచ్చును ఆపుతాయనడానికి మాత్రం అంత బలమైన ఆధారం లేదు.

ఇంట్లో చేసుకోవాలంటే ఒక టీస్పూను వామును కచ్చాపచ్చాగా దంచి గ్లాసు నీళ్లలో వేసి, మూత పెట్టి ఐదు నిమిషాలు మరిగించండి. మూత ముఖ్యం. థైమాల్ ఆవిరితో పాటు ఎగిరిపోయేది కాబట్టి మూత లేకపోతే వంటిల్లంతా వాసనే తప్ప గిన్నెలో మిగిలేది తక్కువ. చల్లారాక వడకట్టి, మధ్యాహ్నం భోజనం తర్వాత పుక్కిలించండి. ఏ రోజుది ఆ రోజే చేసుకోండి. సీసా మౌత్‌వాష్ అంత గాఢంగా ఇది ఉండదు, నోరు శుభ్రంగా, తేటగా ఉండటానికి బాగుంటుంది.

వాము తైలమో పుదీనా తైలమో కొని నీళ్లలో చుక్క వేస్తే సరిపోదా అని కొందరికి అనిపిస్తుంది. అలా చేయకండి. తైలం నీళ్లలో కరగదు, పైన తేలుతుంది. ఆ తేలిన చుక్క గాఢంగానే పోయి పెదవికో నాలుకకో తగిలి కాలుస్తుంది.

లవంగ నూనె: నొప్పికి మాత్రమే, చుక్కే

లవంగ నూనెలో ఎక్కువ భాగం, తరచూ 70 శాతానికి పైనే, యూజినాల్ ఉంటుంది. ఇది నరాన్ని మొద్దుబారుస్తుంది, బ్యాక్టీరియాను చంపుతుంది. పళ్ల డాక్టర్లు తాత్కాలికంగా పన్ను నింపడానికి జింక్ ఆక్సైడ్‌తో కలిపి వాడేది కూడా యూజినాల్‌నే. డెంటల్ క్లినిక్‌లో అడుగుపెట్టగానే తగిలే వాసన చాలావరకు దానిదే. మంచి మందు కాబట్టే జాగ్రత్త కావాలి.

ఒక టీస్పూను కొబ్బరి నూనెలో ఒక్క చుక్క లవంగ నూనె కలపండి. దాదాపు ఒక శాతం గాఢత వస్తుంది. ముందు నోరు పుక్కిలించి, పుచ్చులో ఇరుక్కున్న అన్నం మెతుకులు తీసేయండి. దూదిపుల్లను ఆ నూనెలో ముంచి, కారకుండా అంచుకు అద్ది, పుచ్చిన చోట మాత్రమే తాకించండి. చిగురుకు, చెంపకు తగలనివ్వకండి. దూదిని అక్కడే వదిలేసి నిద్రపోవద్దు. మంట ఎక్కువైతే వెంటనే నీళ్లతో కడిగేయండి. రోజుకు రెండు మూడు సార్లు, ఒకటి రెండు రోజులు, అంతకు మించి వద్దు. సీసాలోంచి నేరుగా పూస్తే చిగురు తెల్లగా ఉడికినట్టయి పుండు పడుతుంది. తైలం దొరక్కపోతే ఒక లవంగ మొగ్గను ఆ పన్ను పక్కన పెట్టి మెల్లగా నొక్కి ఉంచుకున్నా కొంత ఉపశమనం ఉంటుంది.

నొప్పి తగ్గినంత మాత్రాన పుచ్చు ఆగలేదు. లోపల అది నరం వైపు నడుస్తూనే ఉంటుంది. లవంగ నూనె మీకిచ్చేది డాక్టర్ దగ్గరికి వెళ్లేదాకా కాస్త వ్యవధి.

పిల్లలకు ఈ నూనె అసలు వాడకండి, సీసా వాళ్లకు అందే చోట పెట్టకండి. ఒకటి రెండు స్పూన్లు తాగిన పసివాళ్లకు స్పృహ తప్పి, కాలేయం దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పొరపాటున తాగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, సీసా చేతపట్టుకుని నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.

నోటి దగ్గరికి రానివ్వకూడనివి

వేప పుల్ల వేరు, వేప నూనె వేరు. పుల్ల నమిలి పళ్లు తోముకోవచ్చు. వేప నూనె పుక్కిలించకండి, పిల్లలకు అసలే వద్దు. పసిపిల్లలకు తాగించినప్పుడు ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వచ్చిన ఘటనలు మన దేశంలోనే ఉన్నాయి. పుచ్చులో కర్పూరం కుక్కడం ఇంకో ప్రమాదకరమైన అలవాటు, కర్పూరం మింగినా ఫిట్స్ వస్తాయి. నీలగిరి తైలం, టీ ట్రీ ఆయిల్ కూడా ఇంట్లో నోటికి వాడేవి కావు. దాల్చిన చెక్క నూనె ప్రయోగశాలలో బ్యాక్టీరియా మీద బాగా పనిచేస్తుంది గానీ నోటి లోపలి పొరను చాలామందికి మండిస్తుంది, కొందరికి ఎలర్జీ తెస్తుంది. నొప్పి పన్ను మీద ఆస్పిరిన్ బిళ్ల పెట్టుకోవడం నూనె సంగతి కాకపోయినా చెప్పక తప్పదు, అది చిగురును కాల్చేస్తుంది.

ఆరేళ్ల లోపు పిల్లలు, పక్షవాతం వచ్చి మింగడం కష్టమైన పెద్దవాళ్లు, మతిమరుపు ఉన్నవాళ్లు ఏ నూనే పుక్కిలించకూడదు. గర్భిణులు నువ్వుల నూనె, కొబ్బరి నూనెతో ఆగిపోవాలి, గాఢ తైలాల జోలికి వెళ్లవద్దు. నువ్వులు పడనివాళ్లు కూడా ఉంటారు, వాళ్లకు కొబ్బరి నూనె ఉంది.

ఫలితం చూసుకోవడం

రెండు మూడు వారాలు చేశాక రాత్రి పడుకోబోయే ముందు, బ్రష్ చేయకముందు, నాలుకతో పళ్ల వెనక వైపు తడిమి చూడండి. గాజులా నున్నగా ఉంటే పాచి తక్కువగా ఉన్నట్టు. గరుకుగా, జిగటగా తగిలితే బ్రష్ అక్కడ చేరడం లేదు. చిగురు అంచున టూత్‌పిక్‌తో మెల్లగా గీస్తే తెల్లటి మెత్తటి పదార్థం వస్తే అది పాచి. అద్దంలో చూస్తే పసుపు రంగులో గట్టిగా అంటుకున్నది గార. గారను ఏ నూనే కరిగించలేదు, డాక్టర్ క్లీనింగ్ చేయాల్సిందే.

ఇంకొకటి గమనించండి. రోజుకు ఎన్నిసార్లు తీపి నోట్లో పడుతోంది? ఒకేసారి రెండు లడ్డూలు తినడం కంటే గంటకోసారి చక్కెర టీ గుక్క, బిస్కెట్ ముక్క పంటికి ఎక్కువ చేటు చేస్తాయి. ఒక్కోసారికీ పంటి మీద యాసిడ్ మళ్లీ మొదటికొస్తుంది. బెల్లం, తేనె కూడా బ్యాక్టీరియాకు చక్కెరే. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసివాళ్ల ముందు పళ్లన్నీ పుచ్చిపోవడానికి కారణం ఇదే. నూనె పుక్కిలించడం ఒకవైపు, టేబుల్ మీద టీ ఫ్లాస్కు ఇంకోవైపు ఉంటే గెలిచేది ఫ్లాస్కే.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

పంటి మీద సున్నం రాసినట్టు తెల్లటి మచ్చ కనిపిస్తే అది పుచ్చుకు మొదటి మెట్టు. ఈ దశలో ఫ్లోరైడ్‌తో వెనక్కి తిప్పవచ్చు, అందుకే ఆలస్యం చేయకండి. గుంట పడ్డాక అది తనంతట తాను పూడదు. చల్లటి నీళ్లు తాగాక జివ్వుమనడం చాలాసేపు ఆగకపోవడం, రాత్రి నిద్ర లేపే నొప్పి, చిగురు మీద చీము పొక్కు ఉంటే ఆ వారంలోనే వెళ్లండి. దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం, ఊపిరి కష్టమైనా అదే రోజు, అదే గంటలో ఆస్పత్రికి వెళ్లాలి.

ఖర్చు అని వెనకాడుతుంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా విద్యార్థులు ప్రొఫెసర్ల కనుసన్నల్లో తక్కువ ఫీజుకే వైద్యం చేస్తారు. సమయం ఎక్కువ పడుతుంది, పొద్దున్నే వెళ్లండి. ఇంట్లో ఏ నూనె పూశారో, ఎన్ని రోజులు పూశారో, బీపీకి, షుగర్‌కు, రక్తం పలచబడటానికి ఏ మాత్రలు వేసుకుంటున్నారో దాచకుండా చెప్పండి. వీలైతే ఆ మందుల చీటీ, నూనె సీసా రెండూ సంచిలో వేసుకుని వెళ్లండి.